మసి చేతులకు ఒక తొట్టి

సైకిలు చెయిను ఊడిపోతే దాన్ని తిరిగి ఎక్కించి, ఒకసారి మీ చేతులు చూసుకోండి. నల్లటి జిడ్డు వేళ్ల సందుల్లోకి, గోళ్లలోకి చేరి ఉంటుంది. ఆ చేతులతో ఇప్పుడు ఎక్కడికి పోతారు? వంటింటి సింకు దగ్గరకు పోతే అమ్మ ఊరుకోదు. స్నానాల గదిలోకి పోతే తలుపు గడియ, బకెట్టు, చెంబు అన్నిటికీ మసి అంటుతుంది. ఇంటి వెనుక షెడ్డులో మోటార్లు విప్పేవారికి, వడ్రంగం చేసుకునేవారికి, స్కూటర్లు బాగుచేసేవారికి ఇది రోజూ ఉండే బాధే. అందుకని షెడ్డులోనే ఒక గట్టి సింకు పెట్టుకుంటే ఎంతో సుఖం.

"సింకు పెట్టడం తాపీమేస్త్రీ పని, ప్లంబరు పని. మాకెందుకండీ?" అంటారేమో. పని వారిదే, కాదనను. కాని మీ భౌతికశాస్త్రంలోని పీడనం, బలభ్రామకం, సైఫను, రసాయనశాస్త్రంలోని ఆమ్లాలు, కార్బొనేట్లు అన్నీ ఆ ఒక్క తొట్టి చుట్టూ చేరి కూర్చున్నాయి. వాటిలో ఒక్కటి మరచిపోయినా తొట్టి గోడ నుంచి ఊడిరావచ్చు, షెడ్డంతా కంపు కొట్టవచ్చు, ఆఖరికి తాగే నీళ్లే పాడుకావచ్చు. కనుక మేస్త్రీ వచ్చేముందు మనం కొంచెం లెక్కలు వేసుకుందాం.

ముందుగా బరువు సంగతి. వంటింటి సింకులో పళ్లాలు, గిన్నెలు కడుగుతాం. షెడ్డు సింకులో పంపు మోటారు పైకవచం కడుగుతాం, పెయింటు డబ్బాలు కడుగుతాం, బకెట్టు దించి నింపుతాం. కాబట్టి అది లోతుగా ఉండాలి. పొడవు 60 సెం.మీ., వెడల్పు 45 సెం.మీ., లోతు 30 సెం.మీ. ఉన్న తొట్టి తీసుకుందాం. దాని ఘనపరిమాణం 60 × 45 × 30 = 81,000 ఘన సెం.మీ., అంటే 81 లీటర్లు. లీటరు నీరు కిలో బరువు కదా! నిండా నింపితే నీరే 81 కిలోలు. తొట్టి సొంత బరువు ఒక 9 కిలోలు అనుకుంటే మొత్తం 90 కిలోలు. మీ తరగతిలో ఇద్దరు పిల్లలు ఎప్పుడూ అందులో కూర్చుని ఉన్నట్లే లెక్క.

ఈ బరువును గోడకు కొట్టిన రెండు ఇనుప బ్రాకెట్ల మీద నిలబెట్టామనుకోండి. బరువు గోడను ఆనుకుని కిందికి దిగదు. తొట్టి గరిమనాభి గోడకు 22.5 సెం.మీ. ముందుకు ఉంటుంది. అందువల్ల బ్రాకెట్టు తన కింది అంచు మీద తిరగాలని చూస్తుంది. తలుపు బందుల మీద తిరిగినట్లన్నమాట! ఇలా తిప్పే శక్తినే బలభ్రామకం అంటాం. బరువును దూరంతో గుణిస్తే 90 × 22.5 = 2025. బ్రాకెట్టు కింది అంచుకూ పైబోల్టుకూ మధ్య 20 సెం.మీ. ఉంటే, పైబోల్టులను గోడలోంచి పీకే లాగుడు 2025ను 20తో భాగించగా వచ్చేది, అంటే 101 కిలోల బరువుకు సమానం. ఆ దూరం 10 సెం.మీ. మాత్రమే ఉంటే లాగుడు రెట్టింపై 202 కిలోలవుతుంది. పొట్టి బ్రాకెట్టు చౌకగా వస్తుందని కొనేవారు ఈ భాగహారం చేసి చూసుకోవాలి.

అంతటితో అయిపోలేదు. ఎవరో ఒకరు తొట్టి ముందు అంచు మీద చేతులానించి వంగుతారు. ఆ ఆన్చిన బరువు 20 కిలోలే అయినా గోడకు దూరం 45 సెం.మీ. కనుక మరో 45 కిలోల లాగుడు కలుస్తుంది. ఇటుక గోడ మీద ఎంత బరువు పేర్చినా మోస్తుంది గాని, పీకితే తట్టుకోదు. ఇటుకకూ సిమెంటుకూ ఉన్న పట్టు అలాంటిది. ఇక సగం ఇటుక మందం గోడలయితే చెప్పనే అక్కరలేదు.

దీనికి మన ఊళ్లలో మేస్త్రీలు చేసే ఉపాయమే నాకు నచ్చుతుంది. రెండు పక్కలా చిన్న ఇటుక దిమ్మెలు కట్టి, వాటి మీద బండ పరచి, బండ మీద తొట్టి కూర్చోబెడతారు. అప్పుడు బరువంతా తిన్నగా నేలలోకి దిగిపోతుంది. గోడను ఎవరూ లాగరు. ఇనుప కాళ్లున్న తొట్టి అయినా సరే. తొట్టి పైఅంచు నేలకు 85 నుంచి 90 సెం.మీ. ఎత్తులో ఉంటే పెద్దవాళ్లకు నడుము నొప్పి రాదు. పిల్లలు ఒక పీట వేసుకుంటే చాలు.

పరచే బండ విషయంలో ఒక చిక్కుంది. మనకు చౌకగా దొరికేవి కడప రాయి, బేతంచెర్ల రాయి, తాండూరు బండలు, షాబాదు బండలు. ఇవన్నీ ఏ జాతి రాళ్లు? సున్నపురాయి జాతి. సున్నపురాయిలో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేటు. కార్బొనేటు మీద ఆమ్లం పడితే ఏమవుతుందో మీరు ప్రయోగశాలలో చూసే ఉంటారు. బుసబుస పొంగి కార్బన్ డయాక్సైడు బయటికి వస్తుంది, రాయి తరిగిపోతుంది. పాత కడప రాతి ముక్క మీద రెండు చుక్కల నిమ్మరసం పిండి, గంట తరువాత తుడిచి చూడండి. నునుపు పోయి తెల్లని మచ్చ కనబడుతుంది. నిమ్మకాయకే అలా ఉంటే, నేల కడిగే యాసిడ్ పడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరికామ్లం. అది ఆగకుండా తింటూనే పోతుంది. సల్ఫ్యూరికామ్లం పడితే మొదట బాగా పొంగి, తరువాత మందగిస్తుంది. అక్కడ ఏర్పడే కాల్షియం సల్ఫేటు నీటిలో అంతగా కరగదు. అది పొరలా రాతిని కప్పేస్తుంది గనుక ఆమ్లం లోపలికి పోలేదు. పరీక్షలో ఈ ప్రశ్న అడిగితే చాలామంది తడబడతారు.

ఆమ్లాలతో పని ఉండే షెడ్డుకు చీమకుర్తి నల్లరాయి వంటి గట్టి రాయి మంచిది. అందులో కార్బొనేటు ఉండదు కాబట్టి పొంగదు.

తొట్టి మాటకొస్తే స్టెయిన్‌లెస్ స్టీలు తేలికైనది, పగలదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన తుపాకి గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ, ఇనుములో క్రోమియం కలిపి చూశాడు. ఆ ఉక్కు తుప్పు పట్టడానికి మొరాయించింది. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనబడనంత పలుచని ఆక్సైడు పొరను ఏర్పరుస్తుంది. గీత పడినా ఆ పొర మళ్లీ తనంతట తానే కమ్ముకుంటుంది. అయితే ఉప్పునీరు, బ్లీచింగు పౌడరు, యాసిడ్ వంటి క్లోరైడు పదార్థాలు ఎక్కువసేపు నిలవ ఉంటే పొర అక్కడక్కడా చిల్లులు పడి, సూదితో పొడిచినట్లు గుంటలవుతాయి. దుకాణంలో అయస్కాంతం పెట్టి చూసి, "అంటుకోలేదు, మంచి స్టీలే" అని కొంటారు కొందరు. మంచి స్టీలులో 18 శాతం క్రోమియంతో పాటు 8 శాతం నికెలు ఉంటుంది, అది అయస్కాంతానికి సాధారణంగా అంటుకోని మాట నిజమే. కాని నికెలు తగ్గించి మాంగనీసు కలిపిన చౌక రకం కూడా అంటుకోదు. అంచేత ఈ పరీక్ష ఒక్కటే నమ్ముకోకూడదు. రేకు మందం కూడా చూడాలి. వేలితో అడుగున తడితే డబడబమని మోగే పలుచని రేకు షెడ్డు పనికి నిలవదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తొట్టి అడుగున కన్నం, దానికొక జాలీ, కింద గొట్టం. ఆ గొట్టం తిన్నగా మురుగు కాలువలోకి పోకుండా పాములా ఎందుకు వంకర తిరుగుతుందో మీరెప్పుడైనా ఆలోచించారా? ఆ వంపులో ఎప్పుడూ గుక్కెడు నీరు నిలబడి ఉంటుంది. తొట్టిలో పోసిన నీరు ఆ నీటిని ముందుకు తోసి వెళ్లిపోతుంది, చివరి గుక్కెడు మళ్లీ అక్కడే ఆగుతుంది. ఆ నీరే తలుపు. మురుగులో కుళ్లిన పదార్థాల నుంచి హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను వంటి వాయువులు పుడతాయి. మొదటిది కుళ్లిన గుడ్డు వాసన కొట్టే విషవాయువు, రెండోది మండే వాయువు. అవి వెనక్కి వచ్చి షెడ్డులో చేరకుండా ఆ నీటి తలుపు అడ్డుకుంటుంది. బొద్దింకలను కూడా. దీన్ని ట్రాపు అంటారు. 1775లో లండనులో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల నిపుణుడు ఇటువంటి వంపు గొట్టంతో మరుగుదొడ్డికి పేటెంటు పొందాడు. గడియారాలు చేసే మనిషికి మురుగు గొట్టాల గొడవ ఎందుకని నవ్వకండి. ఆయన కనిపెట్టిన వంపు ఈనాటికీ మన ఇళ్లలో పని చేస్తున్నది.

వంపులో నీరు సుమారు 5 సెం.మీ. లోతు నిలిస్తే, అది ప్రతి చదరపు సెం.మీ. మీద 5 గ్రాముల ఒత్తిడిని మాత్రమే ఆపగలదు. చాలా తక్కువ కదూ? అయినా కాలువలోని వాయువుల ఒత్తిడి మామూలుగా అంతకంటే తక్కువే కాబట్టి సరిపోతుంది.

దీన్ని మీరే చేసి చూడవచ్చు. మేస్త్రీలు మట్టం చూడడానికి వాడే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ఒకటిన్నర మీటరు తీసుకోండి. ఒక కొన దగ్గర గరాటు పెట్టి, కొంచెం కిందికి దిగాక గొట్టాన్ని మళ్లీ పైకి వంచి, ఆ వంపు మీదుగా మిగతా గొట్టాన్ని కిందికి వేలాడనివ్వండి. దారంతో ఒక కర్రకు కట్టేస్తే కదలదు. నెమ్మదిగా నీరు పోస్తే కింది వంపులో నీరు నిలుస్తుంది. వేలాడే కొనలోంచి మెల్లగా ఊదండి. నీరు గరాటు వైపు జరుగుతుంది గాని గాలి దాటదు. గట్టిగా ఊదితే బుడగలు వస్తాయి. ఇప్పుడు గరాటులో గ్లాసెడు నీరు ఒక్కసారిగా గుమ్మరించండి. నీరు గొట్టమంతా నిండి పారుతుంది, చివరకు గరగర శబ్దంతో వంపులోని నీటిని కూడా లాక్కుపోతుంది. వంపు ఖాళీ! ఇదే సైఫను. పొడవాటి కొనలోని నీటి బరువు కిందికి లాగుతుంటే, గరాటు వైపు వాతావరణ పీడనం వెనుక నుంచి తోస్తుంది. తలుపును మనమే పీకి పారేసినట్లయింది.

ఈసారి గొట్టం పైకి వంగిన శిఖరం దగ్గర సూదిని కాల్చి ఒక కన్నం పొడవండి. పెద్దవాళ్లను దగ్గర ఉంచుకుని చేయండి. మళ్లీ నీరు గుమ్మరించండి. కన్నంలోంచి గాలి దూరి సైఫను తెగిపోతుంది, వంపులో నీరు మిగిలిపోతుంది. కన్నం చాలకపోతే ఇంకొంచెం పెద్దది చేయండి. ఇళ్లలో మురుగు గొట్టానికి కలిపి డాబా మీది దాకా ఒక గొట్టం నిలబెట్టి, పైన జాలీ టోపీ పెడతారు చూడండి, అది ఈ కన్నమే. దాన్ని దండగ ఖర్చనుకుని ఎగ్గొట్టేవాళ్లున్నారు. సింకు ఖాళీ అయ్యేటప్పుడు గరగరమని చప్పుడు చేస్తుంటే, గాలి దారి సరిగా లేదేమోనని అనుమానించండి.

ట్రాపుకు ఇంకొక శత్రువు ఎండ. వేసవి సెలవులకు ఊరెళితే నెలలో వంపులోని నీరు ఆవిరైపోవచ్చు. ఇది ఎంతవరకు పోతుందో 2003 మార్చిలో హాంగ్‌కాంగ్‌లో తెలిసింది. అమోయ్ గార్డెన్స్ అనే ఎత్తయిన భవనాల సముదాయంలో 300 మందికి పైగా సార్స్ వ్యాధి సోకింది. పరిశోధకులు వెదికితే స్నానాల గదుల్లో నేల మీది ట్రాపులు చాలా ఇళ్లలో ఎండిపోయి ఉన్నట్లు తేలింది. అక్కడివారు నేలను నీళ్లతో కడగకుండా తడిగుడ్డతో తుడిచేవారు, అందుచేత వంపుల్లోకి నీరు చేరలేదు. గదిలో గాలిని బయటికి తోసే ఫ్యాను తిరిగితే, మురుగు గొట్టంలోని గాలి, దానితో పాటు సూక్ష్మమైన తుంపర్లు ఎండిన ట్రాపుల గుండా ఇళ్లలోకి వచ్చాయని వారు చెప్పారు. గుక్కెడు నీరు లేకపోవడం ఎంత పని చేసిందో చూశారా? వాడని సింకులో వారానికొక చెంబు నీరు పోయండి. ఊరెళ్లేటప్పుడు నీటితో పాటు ఒక చెంచాడు వంటనూనె పోస్తే మరీ మంచిది. నూనె పైన తేలి పొరలా పరుచుకుని నీటిని ఆవిరి కానివ్వదు.

ట్రాపు దాటిన గొట్టానికి మీటరుకు సుమారు రెండు, రెండున్నర సెం.మీ. వాలు ఇస్తారు. నాలుగు మీటర్ల దూరానికి రెండున్నర చొప్పున 10 సెం.మీ. దిగాలి. కంటి అంచనాకు ఇది దొరకదు. రసమట్టం లేకపోయినా, ఇందాకటి ప్లాస్టిక్ గొట్టాన్నే నీటితో నింపి రెండు కొనలూ రెండు చోట్ల నిలబెడితే రెండింటిలోనూ నీరు ఒకే ఎత్తులో నిలుస్తుంది. అక్కడ గుర్తులు పెట్టుకుని, దూరపు గుర్తుకు 10 సెం.మీ. కిందికి ఇంకో గుర్తు పెడితే అదే వాలు. గొట్టం మధ్యలో గాలిబుడగ లేకుండా చూసుకోవాలి, ఉంటే లెక్క తప్పుతుంది. కన్నం పెట్టిన ముక్క మాత్రం దీనికి పనికిరాదు, కారిపోతుంది!

పల్లెల్లో చాలామంది ఈ నీటిని పెరటిలోని అరటి పాదుకు మళ్లిస్తారు. చేతులు కడిగిన నీరు వరకు ఫరవాలేదు. ఇంజను ఆయిలు కలిసిన నీరు మాత్రం వద్దు. నూనె మట్టి రేణువులను కప్పేస్తే వేళ్లకు గాలి ఆడదు.

కుళాయి దగ్గర చూడవలసినవి రెండు. నీటి వేగం ట్యాంకు సైజును బట్టి కాక ఎత్తును బట్టి వస్తుంది. ట్యాంకులో నీటిమట్టం కుళాయికి 3 మీటర్ల పైన ఉంటే, 300 సెం.మీ. నీటి స్తంభం ప్రతి చదరపు సెం.మీ. మీద 300 గ్రాముల ఒత్తిడి చూపిస్తుంది. ట్యాంకు 500 లీటర్లదైనా 5,000 లీటర్లదైనా అంతే. ఎత్తు పెంచలేకపోతే గొట్టం లావు పెంచండి. అరంగుళం గొట్టం బదులు ముప్పావు అంగుళం వేస్తే అడ్డుకోత వైశాల్యం రెండుంపావు రెట్లవుతుంది. కుళాయికి పొడవైన పిడి ఉంటే మసి చేతులతో ముట్టుకోకుండా మోచేతితో తిప్పవచ్చు, ఆసుపత్రుల్లో చూసే ఉంటారు.

రెండోది ఇంతకంటే ముఖ్యం. కుళాయి మూతి తొట్టి పైఅంచుకన్నా కనీసం మూడు నాలుగు సెం.మీ. ఎత్తున ఉండాలి. దానికి రబ్బరు గొట్టం తొడిగి, గొట్టం కొసను తొట్టి నీటిలో ముంచి వదిలేయకూడదు. ఎందుకంటారా? ట్యాంకు కడగడానికి దాని కింద వాల్వు మూశారనుకోండి. సింకు కుళాయి తెరిచే ఉంది, రబ్బరు గొట్టం మసి నీటిలో మునిగి ఉంది. అదే వేళకు వాకిట్లో, సింకుకన్నా కింద ఉన్న కుళాయిని అమ్మ మంచినీళ్ల బిందె కోసం తిప్పింది. గొట్టంలో మిగిలిన నీరు కిందికి జారుతూ, వెనుక తొట్టిలోని మసి నీటిని లాక్కుని బిందెలోకి పోస్తుంది. ఇందాక ట్రాపును ఖాళీ చేసిన సైఫనే ఇది. కుళాయి మూతికీ నీటికీ మధ్య గాలి ఉంటే లాగడానికి గాలే దొరుకుతుంది, మురికి రాదు.

ఇక సింకులో పోయకూడనివి. తాపీ పని చేసిన గిన్నెలు అందులో కడగకండి. సిమెంటు ఆరి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, నీటితో రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. కాబట్టి ట్రాపులోని నీటి అడుగున కూడా హాయిగా రాయిలా మారుతుంది. ఇనుప రజను ఉన్న చేతులను, సామానును ముందు ఒక బకెట్టులో జాడించి, రజను అడుగుకు చేరాక పైనీటినే తొట్టిలో పోయాలి.

మెకానిక్కులు చేతులు పెట్రోలుతో కడుక్కోవడం మీరు చూసే ఉంటారు. జిడ్డు పోతుంది, చర్మంలో ఉండవలసిన నూనె కూడా పోతుంది, చేతులు పగులుతాయి. అంతకన్నా ప్రమాదం కాలువలో ఉంది. పెట్రోలు నీటి మీద తేలుతుంది, దాని ఆవిరి గాలికన్నా బరువు. అందుచేత పైకి పోకుండా కాలువ గొట్టాల్లోనే పాకుతూ నిప్పు కోసం కాచుకుని ఉంటుంది. 1992 ఏప్రిల్ 22న మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో భూమిలోని గొట్టం నుంచి కారిన పెట్రోలు మురుగు కాలువల్లో చేరి పేలింది. కిలోమీటర్ల కొద్దీ వీధులు చీలిపోయాయి, 200 మందికి పైగా చనిపోయారు. సింకులో వంచిన పావు లీటరు అంత పని చేయదు. అయినా షెడ్డు గొట్టంలో భగ్గుమనడానికి అది చాలు. చేతుల జిడ్డుకు ముందు కాస్త కొబ్బరినూనె రాయండి. జిడ్డును జిడ్డే కరిగించుకుంటుంది. తరువాత రంపపు పొట్టు, సబ్బుతో రుద్ది కడగండి.

ఇన్వర్టరు బ్యాటరీలోని ఆమ్లాన్ని పిల్లలు ముట్టుకోనే కూడదు. అందులో సల్ఫ్యూరికామ్లమే కాక సీసం కూడా కలిసి ఉంటుంది, సీసం విషం. పాత బ్యాటరీని వంచకుండా, విప్పకుండా కొత్తది కొన్న దుకాణానికే ఇచ్చేయాలి. నేల మీద రెండు చుక్కలు ఒలికితే పెద్దవాళ్లు వంటసోడా చల్లి, పొంగు ఆగాక తుడుస్తారు.

దిమ్మెలు కట్టిన తరువాత కనీసం వారం రోజులు పూటపూటా తడపాలి, ఆ వారంలో తొట్టి నింపకూడదు. తరువాత కన్నానికి బిరడా పెట్టి అంచు దాకా నీరు నింపండి. నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీసి, కింద పాత వార్తాపత్రిక పరచి రాత్రంతా వదిలేయండి. ఉదయం కాగితం మీద తడి మచ్చ ఎక్కడుందో చూడండి. అక్కడ లేకపోతే బిరడా పీకి, నీరంతా ఒక్కసారిగా పోతుండగా ట్రాపు అతుకుల కింద పొడి చేయి పెట్టి చూడండి. నిలిచి ఉన్న నీటికి కారని అతుకు పారే నీటికి కారవచ్చు. కారితే నట్టు విప్పి లోపలి రబ్బరు వాషరు సరిగా కూర్చుందో లేదో చూసి, చేత్తో బిగించి, ఆపైన పానాతో పావు చుట్టు తిప్పితే చాలు. అంతకన్నా బిగిస్తే ప్లాస్టిక్ మరలు పగులుతాయి.